నోటితో చదివిన కెమిస్ట్రీ

మా అమ్మ టీచర్. పిల్లలు నోరు మూస్తేనే చదువు బుర్రలోకి దిగుతుందని ఆవిడ గట్టి నమ్మకం. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను కెమిస్ట్రీ తప్పానని తెలిసిన రోజు నుంచి, మెట్టుగూడలో మా రెండు గదుల ఇంట్లో నాకొక కుర్చీ ఖాయమైంది. ముందు గోడ, వెనక అమ్మ. సప్లిమెంటరీ కూడా తప్పితే ఊరి చివర హాస్టల్ కాలేజీలో పడేస్తానంది. అక్కడ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మాట్లాడనివ్వకుండా చదివిస్తారని మా వీధిలో అందరూ చెప్పుకునేవారు. ఆ మాట వింటేనే నాకు ఊపిరాడేది కాదు.

నేను చదవక కాదు. పేజీని చూస్తూనే ఉండేదాన్ని, పేజీ కూడా నన్ను చూస్తూనే ఉండేది. ఏ మూలకం మంటలో ఏ రంగునిస్తుందో ఎంత చూసినా, పుస్తకం మూయగానే రంగులన్నీ కలిసిపోయి బూడిద మిగిలేది. నాకు బుర్ర లేదని నేనే ఒప్పేసుకున్నాను.

ఆదివారాలు మాత్రం సండే స్కూల్లో చిన్నపిల్లలకు బైబిల్ వాక్యాలు నేర్పేదాన్ని. వాక్యానికి రాగం కట్టి, చప్పట్లు కొడుతూ పాడించడం మా చర్చిలో పద్ధతి. నేనూ అలా నేర్చుకున్నదాన్నే. నిద్రలో లేపి అడిగినా ఇప్పటికీ అప్పజెబుతాను. ఒక ఆదివారం మెట్రో స్తంభాల పక్కన ఇంటికి నడిచొస్తుంటే, పిల్లలకు నేర్పిన రాగం ఇంకా నోట్లోనే ఆడుతోంది. అందులోకి వాక్యం బదులు సోడియం పసుపు, కాల్షియం ఇటుక ఎరుపు, బేరియం ఆకుపచ్చ అని వచ్చిపడ్డాయి. మా సందు మలుపు తిరిగేసరికి పాఠం మొత్తం వచ్చేసింది. సంతోషం పట్టలేక రోడ్డు మీదే ఏడ్చాను. నాకూ బుర్ర ఉంది. దానికి దారి కళ్ళలోంచి కాదు, నోట్లోంచి.

అమ్మ వింటే రెండు నేరాలు. నోరు తెరవడం ఒకటి, దేవుని పాటలో రసాయనాలు కలపడం ఇంకొకటి. అందుకే బాత్రూంలో కుళాయి తిప్పి పాడుకునేదాన్ని. బయటికొచ్చి కుర్చీలో బుద్ధిమంతురాలిలా పేజీలు తిప్పేదాన్ని.

పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే రాగం మొదలైంది, పెదాలు కదిలాయి. ఇన్విజిలేటర్ సారు వచ్చి నా బల్ల మీద వేలితో కొట్టారు.

"ఏందమ్మా, ఎవరికి చెప్తున్నవ్? ఇంకోసారి నోరు కదిలితే పేపర్ గుంజుకుంటా."

పెదాలు బిగించాను. రాగం ఆగింది, దాంతోపాటు జవాబూ ఆగింది. సారు నా పక్క నుంచి కదలలేదు. అంతా గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. హాస్టల్ గేటు కళ్ళముందు కనబడింది. అప్పుడు చెప్పులో బొటనవేలు దానంతటదే తాళం వేయడం మొదలుపెట్టింది. ఒక్కో పదం నెమ్మదిగా తిరిగొచ్చింది.

పాసయ్యాను, అదీ మంచి మార్కులతో. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేసింది. నోరు మూయించి కూర్చోబెడితే మార్కులెందుకు రావని ఇరుగుపొరుగుకు చెబుతూ మైసూర్‌పాక్ పంచింది. ఇక నాకు దాచబుద్ధి కాలేదు. పాడుకుని చదివానని, కుళాయి సంగతితో సహా చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

"ఇన్ని వేషాలేస్తేనే ఇన్ని మార్కులొచ్చాయి, బుద్ధిగా కూర్చుంటే ఇంకెన్ని వస్తాయే?" అంది. "అందుకే హాస్టల్లో సీటు మాట్లాడేస్తున్నాను. అక్కడ చీమ చిటుక్కుమన్నా వినబడుతుందట."

అంత ప్రేమగా అమ్మ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.