అత్త అరచేతుల పసుపు

మా మేనత్త పోయింది. మొన్న శుక్రవారం పొద్దున చిత్తూరులో, నలుగుపిండికి పసుపు దంచుతూ దంచుతూ రోటి పక్కనే ఒరిగిపోయిందట. తిరుపతిలో ఉన్న నాకు కబురు అందేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ దంచడం నా పసిబిడ్డ కోసమే. బిడ్డ ఒంటినిండా చెమటపొక్కులని చెప్పి పంపింది నేనే.

యుద్ధం వచ్చి సబ్బుబిళ్ల కరువైనాక మా పుట్టింటి వీధి ఆడవాళ్లందరికీ అత్త పిండే గతి. పెసలు, బావంచాలు, ఎండిన నారింజ తొక్కలు, పసుపుకొమ్ములు. పెసలు దొరక్కపోతే శనగలు. కాళ్ల పగుళ్లకు ఆముదంలో పసుపు. "అట్ల రుద్దుతావేందే? అది మొగమా, అంట్లగిన్నెనా? మెల్లింగా పుయ్యి" అని పెళ్లికూతుళ్లను కసిరేది.

ఇంత చేసి, తను మాత్రం చిటికెడు పూసుకోకూడదు. చిన్న వయసులోనే మామ పోయాడు. బొట్టుతో పాటు పసుపూ పోయింది. అందరికీ తెలిసిన ఆచారమే. కానీ దంచిన చేతులకు పసుపు అంటకుండా ఎట్లా ఉంటుంది? మా అవ్వ, అంటే అత్తను కన్నతల్లే, వాకిట్లో మనిషి అలికిడైతే చాలు, "ఆ సేతులేందే? బొట్టు లేనిదానికి పసుపు సేతులా? పో, తోముకో పో" అనేది. అత్త పెరట్లోకి పోయి చింతపండు పిడచతో అరచేతులు నెత్తురు చిమ్మేదాకా తోముకునేది.

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, నిద్రపోతున్న అత్త మడమ పగుళ్లకు ఆముదం, పసుపు రాశాను. ఉలిక్కిపడి లేచింది. "పాడుదానా! మీ అవ్వ సూస్తే నన్ను బతకనిస్తాదా?" అంది. తిట్టిందే గానీ తుడుచుకోలేదు. సాయంత్రం దాకా ఆ కాలు చీర కింద దాచుకుని కూర్చుంది. "మంట తగ్గినాదే" అని నా చెవిలో చెప్పింది. మందు చేతికిచ్చి, మంటతో బతకమన్నాం ఆమెను.

పెట్రోలు కరువై బొగ్గుతో నడుపుతున్న బస్సు పూతలపట్టు దగ్గర మొరాయించి, నేను చేరేసరికి స్నానం చేయించేశారు. బావి గట్టున చింతపండు పిడచ పచ్చగా పడి ఉంది. "పసుపు సేతుల్తో ఎట్ల పంపేదిమ్మా? మీ అవ్వ తోమమనింది. శానాసేపు తోమినాము" అంది పొరుగింటామె, ఏదో ఉపకారం చేసినట్టు. ఛీ, చచ్చినాక కూడా వదల్లేదు!

పక్కన కూర్చుని అత్త చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాను. అరచెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. పగుళ్లలో మాత్రం, చింతపండు చేరని చోటల్లా, సన్నగా పసుపు మిగిలే ఉంది.

"పోయినాదా పసుపు?" అని అడిగింది అవ్వ, గోడకు జారగిలబడి ఏడుస్తూనే.

"పోయినాదవ్వా" అన్నాను. బిగుసుకున్న ఆ వేళ్లను మెల్లగా ముడిచి, ఎవరికీ కనబడకుండా పట్టుకున్నాను. పాడె ఎత్తేదాకా వదల్లేదు.