ప్రేమానందం గారి తూటా ప్రసంగాలు

పేరు: మద్దాల ప్రేమానందం. వయస్సు: నలభై ఏడు సంవత్సరములు. నివాసం: ఇర్వింగ్, టెక్సాస్. క్రింద సంతకం చేసినవారు వీరిని ఎంతకాలంగా ఎరుగుదురు: ఐదు సంవత్సరముల నాలుగు నెలలు. దోషం: ఒక్కటే. ఏ మాట ఎక్కడ మొదలైనా దానిని రైఫిల్ తూటా దగ్గరకు లాక్కుపోయి అక్కడ కట్టేస్తారు.

ఈ పంక్తులు రాసినవారు చెట్టిపల్లి అబ్రహాం గారు. బందరు కలెక్టరాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలకు శుభ్రప్రతులు రాసి, రిటైరై, ఇర్వింగ్‌లో కూతురూ అల్లుడూ ఉంటే వారి దగ్గరకు వచ్చిన పెద్దమనిషి. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి రాతపనంతా ఆయనదే. 1986 అక్టోబరులో సంఘ కమిటీ ఆయనకొక పని అప్పగించింది. శనివారం సాయంత్రాలు వారానికొకరి ఇంట జరిగే కాటేజీ ప్రార్థనలకు ప్రేమానందం గారిని ఇకమీదట పిలవరాదని తీర్మానం రాయాలి. ఆయన కలిగించిన అంతరాయాల పట్టిక జతపరచాలి. పదిమంది సంతకాలు తేవాలి.

అబ్రహాం గారు ఈ పనిని మహా సంతోషంగా స్వీకరించారు. అంతరాయాల్లో అధికభాగం కలిగింది ఆయనకే.

ఇంతకూ ప్రేమానందం గారు వేటగాడా అంటే కాదు. ఒక యంత్రభాగాల కర్మాగారంలో రెండో షిఫ్టు ఇన్‌స్పెక్టరు. తాకట్టు కొట్లో కొన్న పాత లివర్ రైఫిల్, అంటే కింది మీట ఆడించి తూటా మార్చేది, ఒకటి ఉంది. ఐదేళ్ళలో మూడుసార్లు పేల్చారు. మూడుసార్లూ మట్టిగుట్టకు తగిలింది. టెక్సాస్ జింకలకు ఆయన మీద ఏ ఫిర్యాదూ లేదు. తూటాలు మాత్రం రకానికొకటి చొప్పున పోగుచేసి వంటింటి డబ్బాల్లో దాచారు. ఆయన భార్య విమలకుమారి ధనియాల పొడి కోసం మూడు డబ్బాలు మూత తీస్తే గాని నాలుగో దాంట్లో పొడి దొరకదు.

పరిచయమైన కొత్తలో అబ్రహాం గారు ఒక పొరపాటు చేశారు. "బాబూ, దేశానికంతటికీ ఒక తూటా చాలదా? ఇన్ని రకాలెందుకు?" అని అడిగారు. అడిగింది సాయంత్రం ఆరున్నరకు. జవాబు తొమ్మిదింటికి ముగిసింది.

"ఎట్లా చాలుద్దండీ? ఉడతకొకటి, జింకకొకటి, ఎలుగుకొకటి. ఇది దేవుడి లెక్క. తర్వాత కంపెనీల లెక్క. ఒక కంపెనీ తూటా చేసి దాని మీద తన పేరు కొట్టిందనుకోండి. ఆ పేరు తన తుపాకి మీద కొట్టుకోటానికి ఎదుటి కంపెనీకి ప్రాణం ఒప్పదు. వెంట్రుకవాసి తేడాతో ఇంకోటి చేసుకుని, వేరే పేరు పెట్టుద్ది. అచ్చం మన బాప్టిస్టులూ లూథరన్‌లూ లాగా!"

"సంఘాల సంగతి వదిలేయి."

"వదిలేశానండీ. ఇక మిలిటరీ. ఒకటి మానేసి కొత్తది పట్టుకుంటది. పాతది చస్తదా? తాత తుపాకి ఇంట్లో వుంటే దానికి తూటా కావాలిగా! కొత్తవి పుడతానే వుంటాయి, పాతవి పోవు. అందుకే ఇన్ని."

ఆ రాత్రి అబ్రహాం గారికి తలనొప్పి మాత్ర అవసరమైంది.

కనుక పట్టిక రాయడం కష్టం కాలేదు. మొదటి అంశం: "మే పదవ తేదీన శ్రీధర్ అను యువకుని క్షేమసమాచారములు పెద్దలు విచారించుచుండగా, ప్రేమానందం గారు పప్పుచారు గరిటె చేతబట్టి లివర్ రైఫిల్ పనితనము ప్రదర్శించిరి. కాలహరణము నలభై నిమిషములు."

ఆనాటి దృశ్యం తలచుకుంటే ఆయనకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఇదిగో, ఈ రింగులో వేళ్ళు పెట్టారా?" అని గరిటె తిప్పారు ప్రేమానందం గారు. "కిందకిట్లా, పైకిట్లా. చక్, చక్! పేలిన తూటా ఖాళీ గొట్టం అవతలకి, కొత్త తూటా లోపలకి. భుజం మీంచి తుపాకి దించక్కర్లా. మామూలు రైఫిల్‌కి తూటా మార్చే పిడి ఒక పక్కనే వుంటది, ఎడమచేతివాటం వాడు ఏడవాల్సిందే. లివర్‌కి ఆ పక్షపాతం లేదండీ. పక్కలకేమీ పొడుచుకురాదు, గుర్రం జీను పక్కన పలకలాగా ఇమిడిపోద్ది."

"ప్రేమానందం గారూ, నా షర్ట్!" అన్నారు కమిటీ అధ్యక్షులు శ్యామ్‌సుందర్ గారు, పప్పుచారు తుడుచుకుంటూ.

"చూశారా, రేంజ్!"

రెండో అంశం: "ఆగస్టు పదహారవ తేదీన నవోమి గారి కుటుంబ విషయములపై ప్రార్థన నిమిత్తము వివరములు సేకరించుచుండగా, లివర్ రైఫిల్ గుండ్లకు మూతి చదునుగా ఎందుకుండునో ప్రసంగించిరి."

"లివర్ రైఫిల్‌కి బారెల్ కింద ఇంకో గొట్టం వుంటది, అందులో తూటాలు క్యూలో నుంచుంటాయండీ," అన్నారాయన ఆ రోజు, బఠాణీలు వరసగా పేర్చి. "ఒకదాని మూతి ముందుదాని వీపుకి ఆనుకుని వుంటది. మూతి సూదిగా వుందనుకోండి, కుదుపుకి ముందుదాన్ని పొడిచిద్ది. అంతే, ఢామ్! అందుకని మూతి చదును చేశారు. ఎంత మర్యాదో చూడండి!"

ఇలా మొత్తం పదకొండు అంశాలు. పట్టిక చంకన పెట్టుకుని, సంతకాల కోసం అబ్రహాం గారు ముందుగా నవోమి ఇంటికే వెళ్ళారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. కాగితం నిలబడే చదివి తిరిగి ఇచ్చేసింది.

"నేను sign చేయను uncle."

"కారణం?"

"Second item. నా గురించి details collect చేస్తున్నారని రాశారు. ఏం details?"

"ప్రార్థన కోసం తల్లీ..."

"'పెళ్ళయి ఏడేళ్ళయింది, ఏ డాక్టర్‌కి చూపించుకున్నావు, లోపం నీదా అతనిదా' అని ఇరవైమంది ముందు అడిగారు. అడిగిందెవరు?"

అబ్రహాం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పెద్దలెవరో..."

"మీరే uncle. బాత్‌రూమ్‌లోకి పారిపోయి ఏడుద్దామని లేచాను. ఈలోపు ఆయన బఠాణీలు పేర్చడం start చేశారు. అందరూ ఆయన్ని తిట్టుకుంటూ నన్ను మర్చిపోయారు. నేను హాయిగా రెండోసారి పెరుగన్నం కలుపుకున్నా. First item చూడండి. శ్రీధర్‌ని ఏం అడిగారు?"

"ఎక్కడ పనిచేస్తున్నావని..."

"అప్పటికి వాడికి లేఆఫ్ అయి మూడు వారాలు."

ఆ ఏడు ఆయిల్ ధర పడిపోయి, డల్లాస్ చుట్టుపక్కల ఆఫీసులు ఒక్కొక్కటే మనుషులను తీసేస్తున్నాయి. ఎవరి ఉద్యోగం ఉందో, ఎవరిది పోయిందో పైకి చెప్పేవారు లేరు.

అబ్రహాం గారు ఇంటికి పోయి పట్టికను మళ్ళీ పరిశీలించారు. పదకొండు అంతరాయాల్లో తొమ్మిదింటికి ముందు ఒక ప్రశ్న ఉంది. తొమ్మిదిలో ఏడు ప్రశ్నలు ఆయన స్వయంగా వేసినవే. మిగిలిన రెండు ప్రసంగాలకు ఏ కారణమూ లేదు. అవి కేవలం తూటాల మీద ప్రేమ.

మరునాడు మంగళవారం, పదకొండు గంటల వేళ ప్రేమానందం గారి ఇంటికి వెళ్ళారు. ఆయన పేలిన తూటా ఇత్తడి గొట్టమొకటి పాత బనియను ముక్కతో రుద్దుకుంటున్నారు.

"బాబూ, నిజం చెప్పు. నువ్వు కావాలనే మాటకు అడ్డం వస్తున్నావా?"

"అడ్డమా? ఎప్పుడండీ?"

"శ్రీధర్ విషయంలో."

"శ్రీధర్‌కి లివర్ రైఫిలంటే చాలా ఇంట్రెస్ట్ అండీ."

"అతనికి తుపాకి అంటేనే భయం!"

"భయపడేవాళ్ళకే వివరంగా చెప్పాలండీ."

"నిన్ను కూటాలకు పిలవద్దంటోంది కమిటీ. తెలుసా?"

ప్రేమానందం గారు గొట్టం కింద పెట్టారు. "తెలుసండీ. వారమంతా మిషన్ల మోతేగా. తెలుగు మాట చెవినపడేది శనివారం ఒక్కరోజే. విమలకి చెప్పలా. నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెడతానే వుంది."

అప్పుడే విమలకుమారి టీ తెచ్చింది. "ఏం uncle, వర్కింగ్ డే కదా, ఎవరు డ్రాప్ చేశారు? గోపాల్ గారికి సెలవా? నిన్న కూడా పట్టపగలు గ్రోసరీ షాప్‌లో కనపడ్డారు."

అల్లుడు గోపాల్ ఉద్యోగం పోయి అప్పటికి పదకొండు రోజులు. ఇల్లు దాటి ఆ సంగతి ఎవరికీ తెలియదు. జీవితమంతా ప్రశ్నలు వేయడమే తప్ప చెప్పుకోవడం అలవాటు లేని అబ్రహాం గారు టీ మీది మీగడను చెంచాతో పక్కకు తీయసాగారు.

"విమలా, ఆగు ఆగు!" ప్రేమానందం గారు లేచి నిలబడ్డారు. "అబ్రహాం గారూ, ఈ గొట్టం మెడ చూశారా? ఎవరో మారాజు ఇంట్లో కూర్చుని, పెద్ద గొట్టం మెడ నొక్కి సన్నం చేశాడు. గుండు చిన్నది, వెనక మందు బోలెడు. స్పీడ్ చూస్కోండి! కొత్త తూటా కంపెనీ పుట్టిస్తే సరే, ఎవరింట్లో వాళ్ళు పుట్టిస్తే లెక్క తేలుద్దా?"

"మొదలైంది!" అంటూ విమలకుమారి వంటింట్లోకి పరుగెత్తింది.

ప్రసంగం ముప్ఫై అయిదు నిమిషాలు సాగింది. కలెక్టరు గారి మాటను కూడా అబ్రహాం గారు ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు. మధ్యలో రెండు సందేహాలు కూడా అడిగారు.

ఆ సాయంత్రం కమిటీకి పంపిన కాగితం ఇది:

"గౌరవనీయులైన అధ్యక్షులు శ్యామ్‌సుందర్ గారికి, చెట్టిపల్లి అబ్రహాం వినయపూర్వకముగా వ్రాసుకొను మనవి. మద్దాల ప్రేమానందం గారిపై ప్రతిపాదించిన తీర్మానమును ఉపసంహరించుకొనవలెను. పట్టికలోని అంతరాయములలో ఏడింటికి బాధ్యత క్రింద సంతకం చేసినవానిదే అని విచారణలో తేలినది. రాబోవు శనివారం కూటము మా అల్లుడు గోపాల్ గృహమున జరుగును. ఆనాడు ప్రేమానందం గారిని తప్పక ఆహ్వానించి, అల్లునికిని కమిటీ సభ్యులకును నడుమ కూర్చుండబెట్టవలెను. వారు ప్రసంగము ఆరంభించిన పిమ్మట, భోజనములు ముగిసి అందరును కారులెక్కు వరకు ఎవ్వరును ఆపరాదు. ఇందుకు కారణము విచారించరాదని ప్రత్యేకముగా ప్రార్థించుచున్నాను."