ఎర్ర టిక్కు

రాజనర్సు ఆఫీసులో ఎర్ర పెన్ను ఒక్కటే ఉండేది. అది కూడా ఆయన చొక్కా జేబులో. సిద్దిపేట మెదక్ రోడ్డులో స్టీలు సామాన్ల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే వచ్చే రెండు గదుల్లో పాతికేళ్లుగా ఆయన వ్యాపారుల టాక్సు లెక్కలు చూస్తున్నాడు. సిద్దిపేట వాళ్లే కాదు, కుకునూరుపల్లి, మర్కూక్ నుంచి కూడా సిమెంటు దుకాణాల వాళ్లు, ఎరువుల వాళ్లు నెలకోసారి బిల్లుల కట్ట తెచ్చి ఆయన టేబుల్ మీద పడేసి, ఇక ఆ సంగతే మరిచిపోయేవాళ్లు. బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించేది స్నేహ. వాటిని కూడి ఒక్క కాగితం మీద మొత్తం లెక్క తీసేది వనజ. ఆ కాగితం రాజనర్సు ముందుకు వచ్చేది. ఆయన పై నుంచి కింది దాకా చూసి మూలన ఎర్ర టిక్కు పెడితేనే లెక్క ప్రభుత్వానికి పోయేది. టిక్కు లేని కాగితాన్ని కదిపే ధైర్యం ఆ ఆఫీసులో ఫ్యానుకు కూడా లేదు.

చూడటమంటే మామూలు చూడటం కాదు. తప్పు దొరక్కపోతే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. దొరికిందంటే కింద స్టీలు గిన్నెలు బేరమాడుతున్న ఆడవాళ్లకు కూడా వినపడేది. వనజ ఆ ఆఫీసులో చేరి పదేళ్లు దాటింది. చేరినప్పుడు ఎలా తిట్లు తిన్నదో, ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా అలాగే తిన్నది. ఆ పదేళ్లలో ఒక్క వ్యాపారితోనైనా ఆమె తనంతట తాను ఫోన్లో మాట్లాడింది లేదు. మాట్లాడేది సారు. చూసేది సారు. అవసరమైతే రాత్రి దాకా ఒక్కడే కూర్చుని, వనజ చేసిన పనిని మళ్లీ మొదటి నుంచి చేసేదీ సారే. తోటి ప్రాక్టీసు వాళ్లెవరైనా, కొంత పని ఆ పిల్లకు అప్పజెప్పరాదా అంటే ఆయనకు ఎక్కడలేని ఆశ్చర్యం. పనంతా వాళ్లే చేస్తున్నారు కదా, ఇంకా ఏం అప్పజెప్పాలని ఎదురు ప్రశ్న. నిజమే, పనంతా ఇచ్చాడు. చివరిసారి చూసి ఇది సరే అనే మాట మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఈ బుద్ధి ఆయనకు తండ్రి దగ్గర అబ్బింది. తండ్రి పోశయ్య కుకునూరుపల్లిలో కల్లు కోసం తాళ్లు గీసేవాడు. పొద్దున్నే చెట్టు దగ్గరికి పోయే ముందు నడుముకు కట్టుకునే మోకును వాకిట్లో పరిచి, పేట పేటా వేళ్లతో తడిమి చూసుకునేవాడు. ఒకరోజు పిల్లవాడైన రాజనర్సు ముందే లేచి ఆ పని చేసి, "నేను చూసిన నాయినా, మంచిగనే ఉన్నది" అన్నాడు. పోశయ్య నవ్వి మోకును మళ్లీ పరిచాడు. "నువ్వు జూస్తే నాకేం తెలుస్తది బిడ్డా? ఎక్కేది నేను గదా" అన్నాడు. కొడుకు ఆ మాటను జీవితమంతా గుర్తుంచుకున్నాడు. అన్నీ నా కళ్లతోనే చూడాలి, ఇంకొకరి చూపు పనికిరాదు అని దానికి అర్థం చెప్పుకున్నాడు. తన ఆఫీసులో చెట్టెక్కే వాళ్లు ఆ ఇద్దరు ఆడపిల్లలని, వాళ్ల మోకు తాను తడుముతున్నానని ఆయనకు తోచలేదు. వాళ్లు మాత్రం తడమడం ఎప్పుడో మానేశారు. ఎంత జాగ్రత్తగా చేసినా సారు ఎలాగూ చూస్తాడు, ఎలాగూ తిడతాడు. ఆ తర్వాత చూసుకోవచ్చులే అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

మొన్నటి వానాకాలంలో ఆయన కళ్లు మొరాయించాయి. ఏళ్ల తరబడి పట్టించుకోని షుగరు అది. ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరమే మసకబారి మాయమయ్యేది. దాని పక్కవి మాత్రం కనిపించేవి. మనిషి ముఖం చూడబోతే చెవులు కనిపించేవి, కళ్లూ ముక్కూ ఉండాల్సిన చోట పొగ. ఆడిట్ మీటింగు ఉందని ఆఫీసులో అబద్ధమాడి హైదరాబాద్ దవాఖానకు పోయి కంట్లో సూదులు వేయించుకొచ్చాడు. ఇంతకంటే పాడవకుండా చూస్తామని, పోయినదంతా తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడు.

ఆ సంగతి తెలిసింది భార్య నవనీతకు ఒక్కదానికే.

"చెప్పరాదు ఆ పిల్లలకు? దొంగతనం జేసినవా ఏంది?" అంటుంది ఆమె, కళ్లలో మందు చుక్కలు వేస్తూ.

"చెప్తే రేపటిసంది మన మెట్లెక్కేటోడు ఉండడు. వాళ్లు లెక్కల కోసం వస్తలేరు నవనీతా. నేను చూస్త అని వస్తున్రు."

అది ఆయన భయం. తాళ్లు గీసే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, ఒక్కో వ్యాపారి నమ్మకాన్ని కూడబెట్టి కట్టుకున్న బతుకు. దానికి మూలం ఆ చూపే. చూపు లేదని తెలిస్తే మిగిలేది ఒక ముసలాయన, రెండు కిరాయి గదులు. అందుకే ఆయన కాగితం వచ్చినప్పుడల్లా అలవాటు ప్రకారం ముందుకు వంగి, కాసేపు ఆగి, "అంతా సరిగ్గనే ఉన్నది గదా?" అని అడిగేవాడు. "ఉన్నది సార్" అనేది వనజ. టిక్కు పడేది. తప్పు కనపడదు కాబట్టి తిట్టు కూడా లేదు.

ఆఫీసు వాతావరణమే మారిపోయింది. స్నేహ పని చేస్తూ కూనిరాగాలు తీసేది. వనజ ఇంటి నుంచి ఆయనకు కూడా కూర తెచ్చేది. టేబుల్ తుడిచేది. ఒకరోజు కొత్త చీర కట్టుకొచ్చి, ఏంది సంగతంటే, ఏం లేదు సార్ ఊకనే అన్నది. ఆమె గొంతులో ఆ సంతోషం ఎక్కడిదో రాజనర్సుకు అర్థం కాలేదు. ఆయన దిగుల్లో ఆయన ఉన్నాడు.

అలా నెలలు గడిచాక ఒక ఉదయం సిద్ధమ్మ మెట్లెక్కి వచ్చింది. కుకునూరుపల్లిలో ఆమెది కొండపోచమ్మ ట్రేడర్స్ అనే చిన్న సిమెంటు దుకాణం. భర్త తాటిచెట్టు మీది నుంచి పడి నడుం విరిగి మంచాన పడ్డాక, ఆమే పెట్టి ఆమే నడుపుతున్నది. రాజనర్సుకు ఊరి వరసకు అక్క. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, బ్యాంకోళ్లు నా ఖాతా బంద్ వెట్టిన్రు. సిమెంటు లారీ వచ్చి ఇంటి ముందు నిలవడ్డది. చెక్కు చెల్లలేదని మల్ల వాపస్ పోయింది. టాక్సు ఎగవెట్టిన్నట. నేనెప్పుడు ఎగవెట్టిన?"

వనజ వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుంది. కొంచెంసేపటికి ఆమె వేళ్లు ఆగిపోయాయి. కొండపోచమ్మ అమ్మవారి పేరు పెట్టుకున్న దుకాణాలు ఈ చుట్టుపక్కల లెక్కలేనన్ని. మర్కూక్‌లో గజేందర్ సేటు పెద్ద దుకాణం పేరు కూడా కొండపోచమ్మ ట్రేడర్సే. ఆయన లెక్కా ఈ ఆఫీసుదే. వరసగా కొన్ని నెలలు సేటు అమ్మకాలు సిద్ధమ్మ టాక్సు నంబరు మీద, సిద్ధమ్మవి సేటు నంబరు మీద ఎక్కాయి. అంత పెద్ద అమ్మకాల మీద పన్ను కట్టలేదు కాబట్టి ప్రభుత్వం సిద్ధమ్మ ఖాతాను ఆపింది.

వనజ ఆ సంగతి పైకి చెప్పింది. రాజనర్సు నోట్లోంచి ముందుగా పాత అలవాటే ఊడిపడింది.

"స్నేహా, ఏం జేసినవ్? నంబరు చూస్కోవద్దా? కండ్లు నెత్తికెక్కినయా?"

స్నేహ లేచి నిలబడింది. ఏడుపు గొంతుతో, "తప్పయింది సార్" అన్నది.

"నాది గూడ తప్పే సార్" అన్నది వనజ. "నేను పేరు చూసిన, నంబరు చూడలే. మీరు చూస్తరు గదా అనుకున్న." ఆమె అల్మారాలోంచి సిద్ధమ్మ ఫైలు తీసింది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. "కాని సార్, టాక్సు కట్టుమని నోటీసు ముందుగాలనే వచ్చింది. స్నేహ తీసి మీ టేబుల్ మీద వెట్టింది. మీరు టిక్కు గూడ వెట్టిన్రు. అప్పుడే చెప్తే ఖాతా ఆగకపోవు గదా?"

ఆమె నిలదీయడం లేదు. నిజంగానే అర్థం కాక అడుగుతున్నది. నోటీసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

రాజనర్సు దాన్ని పట్టుకున్నాడు. మూలన ఎర్రగా ఏదో ఉన్నట్టు తెలిసింది. మధ్యలో అంతా పొగ. చెప్పడానికి అబద్ధాలు చాలానే ఉన్నాయి. స్నేహకు జవాబు రాయమని చెప్పానని అనవచ్చు. ఆ పిల్ల మరిచిపోయిందని అనవచ్చు. పిల్ల ఒప్పుకుంటుంది కూడా, ఎందుకంటే సారు చెప్పాడంటే చెప్పే ఉంటాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని వాడుకోవడానికి ఆయనకు నోరు రాలేదు.

"వనజా, నువ్వే చదువు" అన్నాడు.

"పోరికేం తెలుసు? నువ్వే చదువు తమ్మీ" అన్నది సిద్ధమ్మ. "నువ్వు చూసినవంటే నాకు ధైర్యం."

ఆయన కాగితాన్ని టేబుల్ మీద పెట్టేశాడు.

"నాకు కనవడ్తలేదక్కా."

కింద ఎవరో బిందె మీద కొట్టి గట్టిదనం చూసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అద్దాలు మార్చుకోవాలె మరి" అన్నది సిద్ధమ్మ, ఇంకా అర్థం కాక.

"అద్దాలతోని కాదక్కా. కండ్లే పోయినయ్. చదవస్తలేదు. చూడకుండనే టిక్కు వెడుతున్న. నీదే కాదు, అందరివి."

చెప్పేస్తే మనసు తేలికపడుతుందని ఆయన అనుకోలేదు, పడలేదు కూడా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఎప్పటిసంది సార్?" అన్నది వనజ.

"వానాకాలంసంది."

ఆమె మనసులో లెక్క వేసుకుంటున్నదని ఆయనకు తెలిసింది. తిట్లు ఎప్పుడు ఆగాయో, టిక్కులు ఎప్పటి నుంచి గబగబా పడుతున్నాయో ఆమెకు బాగా గుర్తు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆమె గొంతు మారిపోయింది.

"మాకు పని వచ్చిందనుకున్న సార్. ఇగ సారు మమ్మల్ని నమ్మవట్టిండు, అందుకే తిడ్తలేడు అనుకున్నం నేను, స్నేహ. కరీంనగర్ రోడ్డుల కొత్తగ వెట్టిన ఆఫీసోళ్లు నన్ను రమ్మని పిలిచిన్రు. జీతం ఎక్కువిస్తమన్నరు. మా ఆయన పొమ్మన్నడు. ఇన్నేండ్లకు సారు ఇప్పుడే నమ్మవట్టిండు, గిప్పుడెట్ల పోతనని నేనే వద్దన్న."

కొత్త చీర ఎందుకో, కూర ఎందుకో రాజనర్సుకు అప్పుడు తెలిసింది. పదేళ్ల తిట్లు ఒక ఎత్తు, ఈ కొన్ని నెలల మౌనం ఒక ఎత్తు. తిట్టినదానికంటే తిట్టకపోవడంతోనే ఆమెను ఎక్కువ బాధపెట్టాడు. తల ఎత్తి ఆమె ముఖం చూడబోయాడు. చెవి పోగులు కనిపించాయి, భుజం మీద కొంగు కనిపించింది. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. కోపంగా ఉందో, ఏడుస్తున్నదో తెలియలేదు.

"మరి ఇప్పుడు నాదెవ్వరు చూస్తరు?" అన్నది సిద్ధమ్మ. ఆమె బాధ ఆమెది. ఇంటి దగ్గర మంచాన ఉన్న మనిషి, ఖాళీ దుకాణం.

రాజనర్సు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, వనజ ఉన్న వైపు చాచాడు.

"నువ్వు చూడు బిడ్డా. నువ్వు సరే అంటే సరే. నేను మల్ల చూడ. చూస్తనన్నా చూడలేను."

పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది. వనజ తీసుకోలేదు.

"గది మీదే ఉండనియ్యిన్రి సార్. నేను చూస్తే టిక్కు గాదు, నా పేరు రాస్త. తప్పయితే నన్నే అడగాలె." తర్వాత సిద్ధమ్మ వైపు తిరిగింది. "అక్కా, తప్పు మాది. ఇయ్యాల్నే అర్జీ రాస్త. రేపు నేనే టాక్సు ఆఫీసుకు పోత. ఖాతా తెరిచెటందుకు కొన్ని రోజులు పడ్తది, అబద్ధం చెప్ప. సిమెంటు కంపెనోళ్ల ఫోన్ నంబరియ్యి, నేను మాట్లాడుత. గజేందర్ సేటుకు గూడ నేనే చెప్త."

సిద్ధమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. పర్సులోంచి సిమెంటు కంపెనీ వాళ్ల కార్డు తీసి, రాజనర్సు టేబుల్ మీద పెట్టబోయి, ఆగి, వనజ చేతికి ఇచ్చింది. ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి కిందికి దిగింది.

ఆ సాయంత్రానికి ఈ సంగతి కుకునూరుపల్లి చేరుతుందని, రెండు రోజుల్లో మర్కూక్ కూడా చేరుతుందని రాజనర్సుకు తెలుసు. కొందరు బిల్లుల కట్టలు వాపసు తీసుకుపోతారు. దాని మీద ఆయన ఎక్కువ ఆలోచించలేకపోయాడు.

"వనజా" అన్నాడు. "ఉంటవా?"

ఆమె కుర్చీ లాక్కున్న చప్పుడయింది.

"సిద్ధమ్మక్కది సాఫయ్యేదాక ఉంట సార్. అంతకన్న ఇప్పుడు అడగకున్రి." ఆ తర్వాత, "స్నేహా, రెండు కొండపోచమ్మల ఫైళ్లు తే. మొదటి బిల్లుకాడికెళ్లి చూద్దాం. ముందుగాల నువ్వు చూస్కో, నీ పేరు రాయి. గప్పుడే నాకియ్యి" అన్నది.

ఇద్దరూ పని మొదలుపెట్టారు. నంబర్లు ఒకరు చదివితే ఇంకొకరు సరిచూస్తున్నారు. ఇన్నేళ్లలో ఆ గదిలో వాళ్లు అలా చేయగా రాజనర్సు ఎన్నడూ వినలేదు. చాలాసేపటికి ప్రింటర్ కదిలింది. ఆ చప్పుడు వినగానే ఆయన కుడిచెయ్యి అలవాటుగా టేబుల్ మీదికి వచ్చి, అరచెయ్యి పైకి తెరుచుకుని ఎదురుచూసింది. స్నేహ చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది, వనజ కుర్చీ పక్కన ఆగింది. కాగితం వనజ చేతికి పోయింది. ఆమె పేరు రాస్తున్న పెన్ను చప్పుడు వింటూ రాజనర్సు నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.