మగ్దలేనమ్మ సాక్ష్యం

ఖానాపూర్ చర్చిలో మగ్దలేనమ్మ పాటల పుస్తకాన్ని వేళ్లతో పట్టుకోదు. రెండు అరచేతుల మధ్య ఇరికించుకుంటుంది. కీళ్లవాతం ఆమె వేళ్లను ఒక పక్కకు వంచేసింది. తెల్లారగానే చేతులు వేడినీళ్లలో పెడితే గాని జాకెట్ హుక్కులు పడవు. అయినా కోడలిని పిలవదు. ఈమధ్య కీళ్లవాతానికి కొత్త మందు పరీక్షకని కరీంనగర్ ఆస్పత్రికి పోయి వస్తోంది. అక్కడ సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త బిళ్ల. ఎవరికి ఏది పడిందో ఇచ్చే డాక్టరుకూ తెలియదు. ఒక ఆదివారం, దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ పాస్టరు ఆమె వైపు తిరిగి, "అమ్మా, మనం ఉపవాస ప్రార్థన చేసినంక నీ చేతులు నయమైనయి గదా, జర అందరికి చెప్పు," అన్నాడు. సంఘమంతా చప్పట్లకు సిద్ధమైంది. మగ్దలేనమ్మ బెంచీ ఆనుకుని లేచి, సగమే ముడుచుకున్న పిడికిలిని పైకెత్తి చూపింది.

"నయం కాలే అయ్యగారు. ఆస్పత్రిల సిస్టరమ్మకు గూడ గిదే చెప్పిన, తగ్గలేదని రాసుకో అన్న. తగ్గిందని నేను అబద్ధమాడితే నా తర్వాతోళ్లకు పనిజేయని మందు వస్తది. గిదే నా సాక్ష్యం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమే పాట ఎత్తుకుని, ఆ వంకర వేళ్లతోనే బెంచీ మీద తాళం వేసింది.