రణపాలాకు సెగ

ఒక సాయంత్రం గులాబీ తోటలో పురుగుమందు కొట్టి ఇంటికి వచ్చాను. గడప దగ్గర కూర్చున్న అమ్మ నా కాళ్ల వైపు చూసి, "ఇంకో చెప్పు యాడప్పా?" అంది. కుడికాలి చెప్పు తోటలోనే ఊడిపోయింది. మా ఊరు బేరిగై మట్టిరోడ్డు మీద ఒంటిచెప్పుతో అంతదూరం నడిచిన సంగతి నాకే తెలియలేదు. బొటనవేలి కింద ముల్లు దిగి ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడే భయపడాల్సింది.

షుగర్ ఉందని ముందే తెలుసు. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాణ్ణి. ముల్లు తీసినా పుండు మానలేదు.

అమ్మ బట్టలుతికే బండ పక్కన పాత పెయింటు డబ్బాల్లో రణపాల పెంచుతుంది. దళసరి ఆకు ఒకటి మట్టి మీద పడేస్తే చాలు, అంచుల వెంట పిల్లమొక్కలు లేస్తాయి. నీళ్లు ఎక్కువైతేనే కుళ్లిపోతుంది. వీధిలో ఎవరికి గడ్డ లేచినా అమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆకుకు ఆముదం రాసి, నిప్పుల మీద వెచ్చబెట్టి, వేడివేడిగా కట్టేది. కట్టించుకునేవాళ్లు "చాలు" అనేవరకు సెగ తగలాలి. ఎంత ఓర్చుకుంటే అంత తొందరగా మానుతుందని మావాళ్ల నమ్మకం.

నా పుండుకూ అలాగే కడుతూ, "కాల్తే చెప్పప్పా" అంది.

"ఏం కాల్లేదు. ఇంకొంచెం వేడి చేసి పెట్టుమా."

"నీ మాదిరి ఓర్చుకునేవాళ్లని నేను చూడలేదు" అని మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉంది.

రోజూ అలాగే కట్టింది. ఒకనాడు కట్టు విప్పితే ఆకుతోపాటు చర్మం ఊడివచ్చింది. ఒకటే దుర్వాసన.

హోసూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, "పాదం తాకినప్పుడంతా చెప్పప్పా" అంది. ఎప్పుడు తాకుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"అయిపోయింది. అన్ని చోట్లా తాకినాను. న్యూరోపతి, షుగర్ వల్ల నరాలు దెబ్బతిని కాలికి స్పర్శ లేదు. ఇవి కాలిన పుండ్లు. వీటిలోనే ఇన్ఫెక్షన్ ఎక్కింది."

అమ్మ నా వెనకే నిలబడి ఉంది.

కుళ్లిన కండ కోసి తీసి డెబ్రైడ్‌మెంట్ చేశారు. రెండు వేళ్లు తీసేశారు. ఇంటికి వచ్చాక మళ్లీ చలిజ్వరం పట్టుకుంది. కృష్ణగిరికి తీసుకుపోతే అక్కడి సర్జన్, "మోకాలి కింద ఆంప్యుటేషన్ చేసి కాలు తీసేయకుంటే ప్రాణానికి నేను పూచీ పడలేను" అన్నాడు. సంతకం పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పుడు షెడ్డులో కూర్చుని గులాబీలు కట్టలు కడుతున్నాను. పెట్టుడు కాలు ఒరుసుకుంటుంది. ఎడమ పాదం కూడా మొద్దుబారుతోంది. అమ్మ ఎవరికీ ఆకు ఇవ్వడం లేదు. తప్పు ఆకుది కాదు, వేడిది అని డాక్టరమ్మ చెప్పినా వినదు. "నిజం చెప్పప్పా, నేను బాధపడతానని ఓర్చుకున్నావా?" అని ఇప్పటికీ అడుగుతుంది. "నిజంగానే తెలీలేదుమా" అంటాను. నమ్మదు.

షుగర్ ఉన్నవాళ్ల కాలికి ఆకైనా, నీళ్లయినా, వేడిగా ఏదీ పెట్టకండి. కాలుతోందా అని అడిగి పెడదామనుకోకండి. లేదనే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు.