పార్టీ లేని ఎద్దు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధానిలో ఏం మాట్లాడుకునేవారో గానీ, కోడుమూరు పక్కనున్న మా ఊళ్లో మాత్రం తూర్పు వీధీ పడమటి వీధీ మాట్లాడుకునేవి కావు. రెండూ రెండు పార్టీలు. ఓట్ల పార్టీలనుకునేరు; ఈటెలు, కొడవళ్లు, నాటుబాంబుల పార్టీలు. తూర్పు వీధికి పెద్ద మా మేనమామ. పడమటి వీధికి పెద్ద, నాకు ఇస్తామన్న పిల్లకు పెదనాన్న. తగువెలా మొదలైందో నేనే నాలుగు రకాలుగా చెప్పగలను. నాలుగూ నమ్ముతారు.

ఒకరితో ఒకరు మాట్లాడితే మీసం తీయించుకుంటామని పెద్దలిద్దరూ ఊరి ముందు ప్రమాణం చేసి ఉన్నారు. దాంతో నా పెళ్లి ఆగిపోయింది. పెళ్లి మెరవణి పడమటి వీధిలోకి పోవాలి. పోతే తలలు లేస్తాయి.

చివరికి పిల్ల వాళ్ల అవ్వ ఉపాయం చెప్పింది. "మనిషితో మాట్లాడితేనే గదప్పా మీసం పోయేది? గొడ్డుతో మాట్లాడితే ఏం పోతాది?"

ఊళ్లో ఎద్దులు పనికిరాలేదు. ఏ ఎద్దును చూపినా అవతలి పార్టీదనేవారు. కోడుమూరులో దూదేకుల సాయిబు ఎద్దును బతిమాలి తోలుకొచ్చాను.

"ఇది ఏ పార్టీరా?" అన్నాడు మామ.

"తిండి పార్టీ మామా."

ఊరి బయట కళ్లంలో ఎద్దును మధ్యన నిలబెట్టి, పెద్దలిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టాం. కొడవళ్లతో వచ్చినవాళ్లను దూరంగా కంచె అవతల నిలిపాం.

"ఎద్దప్పా, ఆయప్పకు చెప్పు. మావోని మెరవణి టపాకాయలతోనే వస్తాది" అన్నాడు మామ.

"ఎద్దు సామీ, ఏది టపాకాయో ఏది బాంబో మాకెట్ల తెలియాల?" అన్నాడు పడమటి వీధి పెద్దాయన.

"పెండ్లికి ఎవరన్నా బాంబులు తెస్తారా?"

"సంతకు తెస్తిరి గదా!"

"సంత వేరే, పెండ్లి వేరే!"

ఇక్కడ ఎద్దుకు విసుగొచ్చింది. మెల్లగా తోక విదిల్చి, కళ్లం చివరనున్న జొన్నచొప్ప దగ్గరికి నడిచింది. వీళ్లు గమనిస్తే కదా!

"నీ పెండ్లికి టపాకాయలు నేను మోసుకొస్తి. మర్చిపోతివా?" అన్నాడు మామ.

"తెస్తివి. అన్నీ తడిసినవే."

"వాన పడె గదప్పా!"

"ఔ. ఆ యేడన్నా పడె."

ఇద్దరూ నవ్వారు. అప్పుడు పక్కనే కూర్చున్న అవ్వ అంది: "ఎద్దు ఆడ మేస్తాండాది. మీరు ఎవరితో మాట్లాడతాండారు?"

నాలుగు చేతులూ మీసాల మీదికి పోయాయి. మామ కంచె వైపు చూసి గొంతు తగ్గించాడు. "వాళ్లు ఇన్యారంటావా?"

"శానా దూరముండారు. నువ్వు చెప్పకుంటే నేనూ చెప్పను."

అదే ఆ రెండు వీధుల మధ్య కుదిరిన మొదటి ఒప్పందం. అది కుదిరాక రెండోది సులువైపోయింది: టపాకాయలు మావి, కాల్చే చెయ్యి పెద్దాయనది.

మెరవణి పడమటి వీధిలోకి మలుపు తిరిగి పిల్ల ఇంటి ముందుకొచ్చింది. పెద్దాయన అందరికీ చూపించి మరీ ఒకటి ముట్టించాడు. అది పేలగానే రెండు పార్టీలూ కట్టగట్టుకుని నేల మీద బోర్లా పడ్డాయి, గుర్రం మీంచి దూకిన పెళ్లికొడుకుతో సహా.

వాకిట్లో నిలబడి ఉన్నది పెళ్లికూతురొక్కతే. నా వైపు వంగి మెల్లగా అంది: "లెయ్యి. తాళి కట్టేదానికి నిలబడాల."