రెండోసారి ఫోన్ చేసిన రోజు

మొదటిసారి హాస్పిటల్ వాళ్ళు పరీక్ష చేసి నన్ను ఇంటికి పంపేసినప్పుడు నాకు ఇరవై ఎనిమిదో వారం. మేము అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చి అప్పటికి ఏడాదిన్నర. మా ఆయనా నేనూ ఇద్దరం సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లమే. ఆయన ఆఫీసుకు వెళ్ళేవారు, నేను ఇంటి నుంచే పనిచేసేదాన్ని. ఆ ఆదివారం మధ్యాహ్నం పొట్ట పది నిమిషాలకోసారి రాయిలా గట్టిపడి, మళ్ళీ వదులవుతుంటే భయపడి, ఫోన్ చేసి వెళ్ళాం. నర్సు నా పొట్ట చుట్టూ బెల్టు కట్టి రెండు గంటలు మానిటర్ చూసింది. గర్భసంచి ముఖద్వారం మూసుకునే ఉందనీ, ఇవి నిజం నొప్పులు కావనీ, నీళ్ళు బాగా తాగమనీ చెప్పింది.

పంపించే ముందు ఒక కాగితం నా చేతిలో పెట్టి, ఒక్కో లైను కింద వేలు ఆనించి చదివించింది. గంటలో నాలుగైదుసార్లు పొట్ట బిగుసుకున్నా, నడుంనొప్పి వచ్చి పోతూ ఉన్నా, బిడ్డ కిందికి నెడుతున్నంత బరువు అనిపించినా, నీరు కారినా, రక్తం మరక కనబడినా వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి. బిడ్డ కదలిక తగ్గినా అంతే.

"ఇవాళ ఏమీ లేదని రేపు రావడం మానొద్దు. పదిసార్లు వచ్చినా పదిసార్లూ చూస్తాం" అంది.

నేను తల ఊపాను. కానీ ఆ తర్వాతి శనివారం స్నేహితుల ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్ళినప్పుడు మా ఆయన మాటల్లో ఈ సంగతి చెప్పేశారు. పులిహోర వడ్డిస్తున్న ఒక ఆంటీ నవ్వి, "ఫస్ట్ ప్రెగ్నెన్సీ కదమ్మా, అన్నీ భయాలే. మేమైతే నొప్పులొచ్చేదాకా వంటింట్లోనే ఉన్నాం" అన్నారు. ఆవిడ మంచి మనిషి. తర్వాత నెల రోజులపాటు మాకు క్యారేజీ పంపింది ఆవిడే. అయినా ఆ మాటకు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తిరిగొస్తూ కార్‌లో కూర్చుని, ఇకమీదట ప్రతిదానికీ హడావుడి చేయకూడదని గట్టిగా అనుకున్నాను. నా జీవితంలో నేను తీసుకున్న పనికిమాలిన నిర్ణయాల్లో అదొకటి.

అది జరిగిన పది రోజులకు, ఒక మంగళవారం, నడుంనొప్పితో నిద్ర లేచాను. రోజంతా కూర్చునే కుర్చీ వల్లేమో అనుకున్నాను. మా ఆయన ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేస్తే నడుం లాగుతోందని చెప్పాను.

"ఏడో నెల్లో లాగకేం చేస్తుందే. వేణ్ణీళ్ళు పోసుకుని కాసేపు నడుం వాల్చు" అంది అమ్మ.

వేణ్ణీళ్ళు పోసుకున్నాను. ఎడమవైపు తిరిగి పడుకున్నాను. రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. నొప్పి పోలేదు. కాస్త సర్దుకుని పదింటి మీటింగ్‌లో కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆగిపోయాను. నెట్ పోయిందేమో అనుకుని అవతలివాళ్ళు "వినబడుతోందా?" అని అడిగారు. నెట్ బాగానే ఉంది. నాకే ఊపిరి అందలేదు. అప్పుడు మొదటిసారి స్క్రీన్ మూలనున్న టైం చూశాను. పది దాటి నాలుగు నిమిషాలు. తర్వాతి నొప్పి పది పన్నెండుకి. ఆ తర్వాత పది పంతొమ్మిదికి, పది ఇరవై ఏడుకి. నాలుగూ పక్కనున్న కాగితం మీద రాసుకున్నాను. ఆదివారం నాటిలా పొట్ట రాయి కాలేదు. నొప్పి అంతా నడుంలోనే పుట్టి, తొడల మీదుగా దిగి పోతోంది. లేచి బాత్రూంకి వెళితే తెల్లబట్ట రోజూ అయ్యేలా లేదు. పల్చగా, నీళ్ళలా ఉంది. అందులో లేత గులాబీ రంగు జీర కనిపించింది.

ఫోన్ చేతిలో పట్టుకుని బాత్రూం గుమ్మంలో నిలబడ్డాను. నర్సుకి ఏం చెప్పాలా అని కాదు నేను ఆలోచించింది, మళ్ళీ ఏమీ లేదని పంపేస్తే ఎలా అని. మా ఆయన మీటింగ్ మధ్యలోంచి లేచి రావాలి. ఇంకో పాట్‌లక్‌లో మళ్ళీ ఎవరో నవ్వుతారు. అలా ఎంతసేపు నిలబడ్డానో గాని, ఇంకో నొప్పి వచ్చి గోడ పట్టుకోవలసి వచ్చింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నంబరు నొక్కాను.

నర్సు నాలుగే ప్రశ్నలు వేసింది. ఎన్నో వారం, గంటకి ఎన్నిసార్లు, నీరు గాని రక్తం గాని కనిపించిందా, బిడ్డ కదులుతోందా. జవాబులు విని, "ఇప్పుడే రండి. మీరు మాత్రం డ్రైవ్ చేయకండి. రక్తం ఎక్కువైనా, నీరు ఒక్కసారిగా పోయినా ఆగి అంబులెన్స్ పిలవండి" అంది.

మా ఆయనకు మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. మెట్లు దిగి కింది అపార్ట్‌మెంట్ తలుపు కొట్టాను. అక్కడ వరంగల్ అమ్మాయి ఉంటుంది, భర్తతోపాటు ఆ ఏడే వచ్చింది. లైసెన్స్ చేతికొచ్చి మూడు వారాలు. నేను చెప్పింది విని ఆమె ముఖం పాలిపోయింది.

"అక్కా, నేను హైవే ఎప్పుడూ ఎక్కలే."

"హైవే వద్దు. లోపలి రోడ్డు మీద పోదాం. నేను దారి చెప్తాను."

ఆమె లోపలికి తిరుగుతూ, "జర ఆగు, షూస్ ఏసుకుంట" అంది.

రెండు చేతులా స్టీరింగ్ బిగించి పట్టుకుని, రేడియో ఆపేసి నడిపింది. వెనక కారువాడు హారన్ కొట్టినా స్పీడ్ పెంచలేదు. "అక్కా, ఏదన్న మాట్లాడు. నువ్వు సప్పుడు చెయ్యకుంటే నాకు భయమైతది" అంది. నేను టైం చదువుతూ వెళ్ళాను. దారిలో మూడు నొప్పులు వచ్చాయి. హాస్పిటల్ పార్కింగ్‌లో ఆమె రెండు గళ్ళకు అడ్డంగా కారు ఆపి, నా సంచీ భుజాన వేసుకుని లోపలికి నడిపించింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, ముఖద్వారం రెండు సెంటీమీటర్లు తెరుచుకుందని చెప్పింది. బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి వెంటనే ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, రెండోది ఇరవై నాలుగు గంటల తర్వాత. నొప్పులు తగ్గడానికి చేతికి సెలైన్ పెట్టి మందు ఎక్కించారు. "రేపు ఈ వేళదాకా ఆపగలిగితే బిడ్డకు చాలా మేలు. మీరు సమయానికి వచ్చారు" అందావిడ. నేను ఆ మాటకు ఏడవలేదు. రేపు ఈ వేళదాకా అని మాత్రం లోపల అనుకున్నాను.

మూలన నిలబడి వరంగల్ అమ్మాయి మా ఆయనకు ఫోన్ చేస్తూనే ఉంది. చివరికి దొరికారు. "అన్నా, మీరు రావాలె. భయపడకుండ్రి, కానీ రావాలె" అంది.

ఆయన వచ్చేసరికి చొక్కా చెమటతో తడిసి ఉంది. "సైలెంట్‌లో పెట్టాను" అని ఒక్కటే మాట అని, నా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయారు.

మర్నాడు రెండో ఇంజెక్షన్ పడింది. ఆ మంచం మీదే ఇంకో పది రోజులు గడిపాను. ముప్పై రెండో వారం నిండక ముందే పాప పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. సన్నగా, కానీ గట్టిగా ఏడ్చింది. ఐదు వారాలు హాస్పిటల్లోనే, గాజుపెట్టెలోనూ, ఆ పక్కన ఉయ్యాలలోనూ ఉంది. నేను మూడు గంటలకోసారి పాలు తీస్తే, ఆయన ఐస్ సంచీలో పెట్టుకుని పోయి ఇచ్చొచ్చేవారు.

అమ్మ టికెట్ ముందుకు జరుపుకుని వచ్చింది. పాపను చూసి, "నేనేమో వేణ్ణీళ్ళు పోసుకోమన్నాను" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఫోన్‌లో నీకెలా తెలుస్తుందమ్మా. నా ఒంట్లో జరిగేది నాకే తెలియలేదు" అన్నాను. అది ఓదార్పుకి అన్న మాట కాదు, నిజమే.

పాపకి ఇప్పుడు మూడేళ్ళు. పోయిన ఏడు మా టీంలో ఒకమ్మాయి ఇరవై తొమ్మిదో వారంలో నాకు మెసేజ్ పెట్టింది, పొట్ట బిగుసుకుంటోంది, కంగారు పడాలా అని. "నన్ను అడగకు, హాస్పిటల్‌కి ఫోన్ చెయ్. నేను కార్ తీస్తున్నాను" అని రాశాను. మూడు గంటలు చూసి ఏమీ లేదని పంపేశారు. కార్‌లో తల దించుకుని, "అనవసరంగా మీ పని చెడగొట్టాను" అంది.

"మళ్ళీ అలా అనిపిస్తే మళ్ళీ చెయ్యి. మళ్ళీ వస్తాను" అన్నాను.

నాలుగు రోజులకు మళ్ళీ చేసింది. వెళ్ళాం. ఆ రోజూ ఏమీ లేదన్నారు. తిరిగొస్తూ దారిలో ఆగి ఇద్దరం కాఫీ తాగాం.